పట్టు తప్పిన చోటు

1998 సెప్టెంబరు 6

అచ్చయ్య నిన్న సాయంత్రం పోయాడు. విజయవాడ ఆస్పత్రి నుంచి కబురు రాగానే స్టేషనువాళ్ళు మా ఆయన్ని మళ్ళీ పిలిపించి, కేసులో సెక్షను మార్చి, జామీను మీద పంపించారు. ఇంటికొచ్చి గడప మీదే కూర్చున్నాడు. అన్నం తినమంటే తిన్నాడు. నీళ్ళు తాగమంటే తాగాడు. ఏం జరిగిందండీ అని అడిగితే మాత్రం ప్రమాదం జరిగిన గురువారం నుంచీ ఒకటే మాట: "బ్రేకు తొక్కా. బండి జారింది."

ఇంకేమీ చెప్పడు. మా స్కూలు పిల్లల్ని ఊళ్ళల్లో దింపేసి ఖాళీ వ్యానుతో నందిగామ వస్తున్నాడు. సన్నగా తుంపర పడుతోంది. మా పుట్టింటి ఊరు దాటాక వాగు మలుపులో వ్యాను అడ్డంగా తిరిగి, వెనక భాగం వెళ్ళి అచ్చయ్య టీబంకుకి కొట్టుకుంది. బండిలో పిల్లలు లేరు కాబట్టి సరిపోయింది అని అందరూ అంటున్నారు. నేనూ అన్నాను. అచ్చయ్య ఉన్నాడుగా అని ఎవరూ అనలేదు.

అన్నయ్య చేసిన సాయం మర్చిపోలేను. మా పుట్టింటి చేను ఆ మలుపు పక్కనే. ఓంకారన్నయ్యే అచ్చయ్యని ఆటో ఎక్కించి పంపాడు. ఇంకో బండికి ప్రమాదం కాకూడదని, పోలీసులు వచ్చేలోపు మనుషుల్ని పెట్టి రోడ్డంతా ఊడ్పించాడు కూడా. అంత హడావుడిలో ఆ ఆలోచన ఎవరికొస్తుంది!

వీధిలో అప్పుడే మొదలుపెట్టారు. తాగి ఉన్నాడని ఒకరు, కునుకు తీశాడని ఒకరు. శ్రీరామనవమి పానకం తప్ప ఏదీ తాగని మనిషి ఆయన. నా ఎదురుగా అంటే కడిగేద్దును. ఎవరూ ఎదురుగా అనరు. కడుపు మండి ఇక్కడ రాసుకుంటున్నాను.

సెప్టెంబరు 8

అమ్మ రాలేదు. మోకాళ్ళ నొప్పులని వదినతో చెప్పించింది. మోకాళ్ళు పోయినేడూ నొప్పే. అయినా నాకు జ్వరమంటే పడుతూ లేస్తూ వచ్చింది.

సెప్టెంబరు 15

అచ్చయ్య పెద్దకర్మ. వెళ్ళొద్దని అన్నయ్య కబురు చేశాడు. వాళ్ళు ఒకటంటే నేను రెండంటానట. నా నోటి సంగతి తెలిసినవాడు. అయినా వెళ్ళాను.

అచ్చయ్య భార్య తిరుపతమ్మ ఒక్క మాట అనలేదు. "మీ ఆయన అన్నం తింటన్నాడా?" అని అడిగింది. తింటున్నాడని చెప్పడానికి సిగ్గేసింది. సరిగ్గా తినట్లేదని అబద్ధం చెప్పాను.

"మా ఆయన చేతి టీ తాగకుండా మీ ఆయన ఆ మలుపు దాటేవోడు కాదమ్మా" అంది. చెంబుతో నీళ్ళిచ్చింది. ఆ ఇంట్లో నాకు నీళ్ళు దిగవనుకున్నాను. దిగాయి. ఎండగా ఉంది, దాహమేసింది.

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

సెప్టెంబరు 20

దొరికింది. తప్పు రోడ్డుది.

ఆదివారం కదా అని బస్సెక్కి వాగు మలుపు దగ్గర దిగాను. చెప్పు విప్పి కాలితో రోడ్డు రుద్ది చూశాను. చక్రాలు నడిచే జాడలు రెండూ నున్నగా, మా ఇంటి నాపరాళ్ళలాగా ఉన్నాయి. మధ్య భాగం మాత్రం గరుకు. తడిస్తే ఆ నున్నటి చోట ఏ బండైనా జారుతుంది. ఈ మాత్రం కనిపెట్టడానికి బి.యస్సీ. చదవాలా, కాలుంటే చాలు. పోలీసులకి కాళ్ళు లేవా?

ఆయనతో చెప్పాను. "రోడ్డుదేం లేదు జయా" అన్నాడు.

"మీరు డ్రైవరు. ఇంజనీరు కాదు" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. మామూలు రోజుల్లో అయితే "మీ టీచర్లకి తెలియంది ఏవుంది తల్లీ" అని దణ్ణం పెట్టేవాడు.

మా వీధి చివర వీరరాఘవయ్యగారున్నారు. రోడ్ల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయన రోడ్డు గురించి మొదలుపెడితే ఆపడం వాళ్ళావిడ వల్ల కూడా కాదు. సాయంత్రం వెళ్ళి కూర్చున్నాను.

"చూడమ్మాయ్, టైరుని తారు పట్టుకోదు, రాయి పట్టుకుంటుంది" అన్నారు. "తారు రాళ్ళని అంటిపెట్టుకుని ఉంటుంది, అంతే. టైరుకి పట్టు దొరికేది రాయి గరుకు మీద. మన జగ్గయ్యపేట వైపు దొరికేది సున్నపురాయి. సిమెంటుకి బంగారం. రోడ్డు పైపొరకి మాత్రం పనికిరాదు. టైర్లు రుద్దీ రుద్దీ దాన్ని అద్దం చేస్తాయి. నల్లరాయి అరిగినా గరుకు పోదు."

"మరి పొడిగా ఉన్నప్పుడు ఎవరూ జారట్లేదు కదండీ?"

"పొడిగా ఉంటే అద్దమైనా కాస్త పట్టుకుంటుంది. తడిస్తే టైరుకీ రాయికీ మధ్య నీటిపొర వస్తుంది. గరుకుంటే ఆ సందుల్లోంచి నీళ్ళు పక్కకి పోతాయి. నున్నగా ఉంటే ఎక్కడికి పోతాయి? జనం స్పీడు స్పీడు అంటారు గానీ సగం ప్రమాదాలు పట్టు లేక జరిగేవే."

లేచి కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. మా ఆయన్ని విడిపించే మాట ఒక పెద్దమనిషి నోటి నుంచి వినడం ఇదే మొదటిసారి. వచ్చే ఆదివారం స్వయంగా వచ్చి చూస్తానన్నారు.

సెప్టెంబరు 27

వీరరాఘవయ్యగారు సంచిలో సన్నటి ఇసుక, ఒక గ్లాసు, గుండ్రటి చెక్క తెచ్చుకున్నారు. ఎండ కాసి రోడ్డు పొడిగా ఉంది. నన్ను అటూ ఇటూ వచ్చే బళ్ళకి చెయ్యి ఊపమని, ఆయన గొంతుక్కూర్చున్నారు. గ్లాసుడు ఇసుక పోసి చెక్కతో గుండ్రంగా తిప్పుతూ పరిచారు. రాళ్ళ సందుల్లోకి ఇసుక దిగిపోతే చక్రం చిన్నగా వస్తుంది. సందుల్లేకపోతే ఇసుక దిగడానికి చోటుండదు, పైపైన పెద్దగా పరుచుకుంటుంది. రోడ్డు మధ్యలో పోసింది పళ్ళెమంత వచ్చింది. చక్రాల జాడలో పోసింది అంతకంటే పెద్దగా వచ్చింది.

"చూశారా!" అన్నాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "చూశాలే. అరిగింది. బాగుందని అనను. కానీ..."

చెక్కకి అంటిన ఇసుక దులిపి మళ్ళీ అందుకున్నారు.

"ఖాళీ వ్యాను, తుంపర, మీ ఆయన నెమ్మదిగా నడిపేవాడు. ఈ అరుగుదలకి బండి కాస్త జారుతుంది. జారి మళ్ళీ నిలదొక్కుకుంటుంది. ఇలా గిర్రున తిరగదమ్మాయ్. టైరుకీ రోడ్డుకీ మధ్య ఇంకేదో ఉండుండాలి."

"ఏముంటుందండీ?"

"డీజిలు కారిందేమో. బురదేమో. ఆ రోజు నేను చూడలేదుగా. ఊడ్చేశారంటున్నావు."

డీజిలే అయ్యుంటుంది. సిమెంటు లారీలు అడ్డదారి అని ఈ రోడ్డు మీదుగానే వస్తున్నాయి. వాటి ట్యాంకులు కారుతూనే ఉంటాయి.

సెప్టెంబరు 28

డీజిలే.

అక్టోబరు 4

అన్నయ్య వచ్చాడు. కొత్త పెసలు అరబస్తా తెచ్చాడు. ఈ యేడు కోతలప్పుడు వానలు పట్టుకున్నాయిగా, గింజ రంగు మారింది.

"అన్నయ్యా, ఆ రోజు రోడ్డు మీద డీజిలేమైనా కారిందా?" అని అడిగాను.

"ఆఁ, అవునవును. డీజిలే. వాసన కూడా కొట్టింది" అన్నాడు.

"మరి పోలీసులకి చెప్పలేదే?"

"ఆ కంగార్లో గుర్తు రాలా. ఇప్పుడు చెప్తాలే."

ఇంత సంతోషపు మాట చెప్పినవాడు నా మొహం చూడకుండా పెసల బస్తా మూతి కట్టుకుంటూ కూర్చున్నాడు. మా ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. అన్నయ్య వెళ్ళేదాకా లోపలికి రాలేదు. బావమరిదితో మాటామంతీ లేకుండా ఉండే మనిషి కాదు.

అమ్మ ఎలా ఉందంటే "బానే ఉంది, మోకాళ్ళే" అన్నాడు అన్నయ్య.

అక్టోబరు 5

పెసరట్టు వేశాను, అల్లం, పచ్చిమిరపకాయ దట్టించి. ఆయన ముట్టుకోలేదు. పెసరట్టంటే పడి చచ్చే మనిషి. మజ్జిగన్నం తిని లేచాడు. రెండో అట్టు నేనే తిన్నాను.

అక్టోబరు 11

పోలీసులు వ్యాను ఇచ్చేశారు. బ్రేకుల్లో లోపమేమీ లేదని తనిఖీ చేసినాయన రాశాడు. మంచిదేగా అన్నాను. లాయరు గారు మంచిది కాదన్నారు. బండి బాగుంటే ఇక తప్పు మనిషిదే అంటారట.

ఆయన దాని దగ్గరికి కూడా వెళ్ళడం లేదు. నేనే బకెట్టు పట్టుకుని కడిగాను. వెనక చక్రం లోపల ఇరుసుకి ఏదో చుట్టుకుపోయి ఉంది. చెయ్యి పెట్టి లాగితే పెసర తీగలు. ఎండిపోయాయి, అయినా ఒకటి రెండు కాయలు పగలకుండా ఉన్నాయి.

ఈ కాలంలో ఏ రోడ్డు మీద చూసినా కాయలతో కోసి పరిచిన పెసరకట్టే కదా. వానకి కళ్ళాలు బురదైపోతాయి, రైతులు ఎక్కడికి పోతారు? తారురోడ్డు మీద కట్టె పరిస్తే వచ్చే పోయే బళ్ళు తొక్కుతాయి, కాయలు పగులుతాయి, ఎత్తి తూర్పారబట్టుకుంటారు. చిన్నప్పుడు నేనూ కర్ర పట్టుకుని కట్టె తిరగేసినదాన్నే. బస్సు వస్తుంటే చప్పట్లు కొట్టేవాళ్ళం, మా కట్టె తొక్కుతోందని. మా వైపు దీన్ని ఎవరూ తప్పనుకోరు.

ఎక్కడో తగులుకుని ఉంటాయి. పారేశాను.

అక్టోబరు 12

పారేసి ఉండాల్సింది కాదేమో.

అక్టోబరు 18

కంచికచర్ల బజారులో వదిన కనిపించింది. నేనేమీ అడగలేదు. "ఆ రోజు మీ అన్నయ్య పొద్దున్నే జి.కొండూరు వెళ్ళాడమ్మా, సాయంత్రం బస్సు దిగేసరికే అక్కడ గోలగోలగా ఉంది" అంది. అడగని దానికి ఎందుకు చెప్పినట్టు?

అయితే రోడ్డు మీద పరిచింది అన్నయ్య కాదు. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఇంటికొచ్చేదాకా అలాగే ఉంది. అన్నయ్య లేకపోతే చేలో పని చూసేది ఎవరో నాకు తెలియదా? అది ఇక్కడ రాయను.

అక్టోబరు 26

ఎనిమిదో తరగతికి ఘర్షణ పాఠం. నేను కోరి ఎంచుకున్నది కాదు, వరసలో వచ్చింది. బల్ల మీద పుస్తకం పెట్టి తొయ్యమన్నాను, గట్టిగా తోస్తే గానీ కదల్లేదు. పుస్తకం కింద నాలుగు పెన్సిళ్ళు పరిచి మళ్ళీ తొయ్యమన్నాను. పుస్తకం జర్రున వెళ్ళి అవతల పడింది. పిల్లలందరూ నవ్వారు.

"ఎందుకు జారింది?" అని అడగాలి. అడగలేకపోయాను. బల్ల ఎంత గరుకైనా, పుస్తకం అట్ట ఎంత గరుకైనా, అవి రెండూ ఒకదానికొకటి తగలనప్పుడు ఏం ప్రయోజనం? పచ్చికట్టె, దాని కింద రాలిన గుండ్రటి గింజలు, పైన తుంపర. వీరరాఘవయ్యగారి ఇసుక అంతా వృథా. చక్రం ఆ రోడ్డుని తాకనే లేదు.

తలనొప్పి అని చెప్పి పిల్లలకి ప్రశ్నలు రాసుకోమన్నాను.

నవంబరు 8

ఇవాళ అడిగేశాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెరట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. కోర్టువాయిదా కాగితం వచ్చింది, డిసెంబరు పద్నాలుగున హాజరవ్వాలి. లాయరు గారితో ఆయన అన్నాడట, నేరం ఒప్పేసుకుంటానని. నాతో అనకుండా లాయరుతో అన్నాడు! ఒళ్ళు మండిపోయింది.

"రోడ్డు మీద పెసరకట్టె ఉంది కదూ?" అన్నాను.

తలెత్తాడు. ఎవరు చెప్పారని అడగలేదు. "ఉంది" అన్నాడు.

"కట్టె మీద బ్రేకు తొక్కకూడదని నాకే తెలుసు. రోజూ బండి నడిపే మీకు తెలియదా?"

"తెలుసు. గేరు తగ్గించి మెల్లగా దాటిస్తాం. ఆ ఊళ్ళన్నిటా అంతే. ఆ రోజూ అట్టాగే పోతన్నా." వాయిదా కాగితం మడిచి పక్కన పెట్టాడు. "కట్టె మధ్యలో మనిషి ఉంది జయా. గోనెసంచి నెత్తిన కప్పుకుని, వంగి తిరగేస్తంది. అటు తిరిగి ఉంది. హారన్ కొట్టా. వినపడలా. ఇంకేం చేస్తా? తొక్కా."

"అమ్మేనా?"

"తొక్కినప్పుడు తెలవదు. ఎవరో మనిషి అనుకున్నా. బండి ఆగినాక చూస్తే అత్తయ్యగారు. రోడ్డు పక్క గోతిలో నిలబడి ఉంది. సంచి మాత్రం నెత్తినే ఉంది."

ఆ సంచి మాట దగ్గర నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే తిట్టాను. ఇన్నాళ్ళూ నన్ను రోడ్ల వెంట ఇసుక మోయించి చోద్యం చూశావా అన్నాను. ఆయన్ని ఏకవచనంలో అనడం పెళ్ళయ్యాక ఇదే మొదలు. ఆయన పట్టించుకోలేదు.

"చెబితే ఏవవుద్ది? డెబ్బయ్యేళ్ళ మనిషిని బోనెక్కిస్తారు. మీ అన్నయ్య మన గడప తొక్కడు. నీకు పుట్టిల్లు లేకుండా పోద్ది. నేను ఒప్పుకుంటే నా ఒక్కడితో పోద్ది. ఎట్టా చూసినా తొక్కింది నేనేగా, ఎవరో తొక్కించలేదుగా."

"ఒప్పుకుంటే జైలు. మళ్ళీ బండి పట్టుకోనివ్వరు."

"పట్టుకోవాలని లేదులే."

అబద్ధం. పొద్దున చూశాను, వ్యాను పక్కగా వెళ్తూ అద్దం మీద దుమ్ము వేలితో తుడిచాడు.

నవంబరు 9

ఎవరికీ చెప్పను. మా అమ్మ.

నవంబరు 15

లాయరు గారు అంటున్నారు, ఒప్పుకుంటే ఆరు నెలలతో పోవచ్చు, ఏడాది కూడా పడొచ్చు. ఆరు నెలలంటే ఎంత! ఒక పంట. వర్షాకాలానికల్లా వచ్చేస్తాడు. తర్వాత ఏదైనా కొట్టు పెట్టుకోవచ్చు. బండి నడపకపోతే లోకంలో ఎంతమంది బతకడం లేదు?

నవంబరు 16

నిన్న రాసింది చదువుకున్నాను. ఆరు నెలలు నా జైలైతే ఇలా లెక్కవేసేదాన్నా? చీ.

కానీ రెండో వైపు అమ్మ ఉంది. మింగలేను, కక్కలేను.

నవంబరు 22

మా ఊరు వెళ్ళాను.

అమ్మ వసారాలో కూర్చుని వాకిట్లోకి చూస్తోంది. చేతిలో ఏ పనీ లేదు. పని లేకుండా అమ్మని నేనెప్పుడూ చూడలేదు. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చుంది. "అల్లుడుగారు రాలేదా?" అంది. వెంటనే తల దించుకుంది.

"నాకంతా తెలిసిందమ్మా" అన్నాను.

"ఆ బాబు చెప్పాడా?"

"నేనడిగితే చెప్పాడు."

అమ్మ చాలాసేపు కొంగుతో మోకాలు రుద్దుకుంది. "వాన ఎక్కువవుతుందని నాకు తెలుస్తానే ఉంది జయా. ఎత్తేద్దాం అనుకున్నా. కాయ సగమే పగిలింది. ఇంకొక్క బండి తొక్కితే ఎత్తేద్దాంలే అనుకున్నా. ఆ ఒక్క బండీ..." మళ్ళీ మోకాలు రుద్దుకుంది. "అచ్చయ్య పొద్దుట నాకు టీ పోసిచ్చాడు. అత్తా, వాన పట్టేట్టుంది, ఇవాళ పరవమాకు అన్నాడు. వింటేగా నేను."

అన్నయ్య లోపలి నుంచి విన్నాడు. వచ్చి మీద పడ్డాడు. "ఏంది నువ్వు, అమ్మని బోనెక్కిద్దామని వచ్చావా? ఈ రోడ్డు మీద ఎవరు పరవట్లా? కీసర దాకా పోయి చూడు. ఒక్క మా అమ్మే దొరికిందా మీకు?"

"నువ్వు ఊడ్పించింది అందుకేగా అన్నయ్యా. నేను నీ పుణ్యమే అని చెప్పుకు తిరిగాను."

"మరి ఏం చెయ్యమంటావ్? నీ మొగుడు అమ్మ కొడుకు కాదు, నేను కొడుకుని. ఎవరిని చూసుకోవాలి నేను?"

అన్నయ్య స్థానంలో నేనుంటే నేనూ ఊడ్పించేదాన్ని. కోపం రావాల్సినంత రాలేదు. అందరూ పరుస్తారన్నది నిజమే. అందరూ పరిచే చోట జారినవాడి ఒక్కడి మీదే కేసు.

"మీ అన్నయ్య నోరెత్తొద్దన్నాడు. ఎత్తలేదు" అంది అమ్మ, ఎవరితోనో చెబుతున్నట్టు.

వాయిదా ఎప్పుడని అడిగింది. చెప్పాను. రమ్మని మాత్రం అడగలేదు. అడిగితే వస్తుంది. అందుకే అడగలేదు. బస్సులో కూర్చున్నాక అనుకున్నాను, అడగకుండా తేదీ చెప్పానంటే అది అడగడం కాక ఏమిటని.

డిసెంబరు 2

తిరుపతమ్మ బడి దగ్గరికి వచ్చింది. బంకు మళ్ళీ పెట్టుకుంటోందట, మలుపులో కాదు, ఊళ్ళో. వాయిదాకి తనూ రావాలా అని అడిగింది. అక్కర్లేదన్నాను.

"వస్తా. ఏం జరిగిందో ఎవురూ నాకు చెప్పలా. బండి జారింది జారింది అంటారు. ఎందుకు జారిందో తెలిస్తే సాలు" అంది.

ఆవిడ మొహం చూస్తూ, తెలిసి కూడా నోరు విప్పలేదు నేను. నోరున్నదాన్నని నాకు ఎంత పేరు!

డిసెంబరు 13

ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేశాను. కాలరు దగ్గర మళ్ళీ మళ్ళీ చేశాను.

డిసెంబరు 15

నిన్న రాయలేకపోయాను.

నందిగామ కోర్టు వరండాలో పొద్దున్నించీ నిలబడ్డాం. తిరుపతమ్మ వచ్చి మాకు కాస్త దూరంలో మెట్ల మీద కూర్చుంది. అన్నయ్య రాలేదు. మా కేసు పిలిచేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన బోనులోకి వెళ్ళాడు. మేజిస్ట్రేటు కుర్రాయన, మా స్కూలు హెడ్మాస్టరు కంటే చిన్నవాడు. కాగితం చదివి, "అజాగ్రత్తగా బండి నడిపి మనిషి చావుకి కారణమయ్యావని అభియోగం. ఒప్పుకుంటున్నావా?" అన్నాడు.

ఆయన నోరు తెరిచేలోపు వెనక నుంచి అమ్మ గొంతు వినపడింది. "అయ్యా, ఒక్క మాట."

ఎప్పుడొచ్చిందో తెలియదు. షేరాటోలో ఒక్కతే వచ్చిందట. తలుపు చెక్క పట్టుకుని నిలబడి ఉంది. బంట్రోతు గదమాయించాడు. మేజిస్ట్రేటు చెయ్యెత్తి అతన్ని ఆపాడు. "ఎవరమ్మా నువ్వు? నీ మాట ఇప్పుడు కాదు, చెప్పేదుంటే తర్వాత చెప్పాలి" అన్నాడు.

"తర్వాతకి ఆ బాబు ఒప్పేసుకుంటాడయ్యా" అంది అమ్మ. "కట్టె పరిచింది నేను. వాన పడతన్నా ఎత్తలా. ఆ అబ్బాయి నన్ను చూసి బ్రేకు తొక్కాడు. తొక్కకుండా ఉంటే అచ్చయ్య బతికేవాడు, నేను పోయేదాన్ని. అదే న్యాయంగా ఉండేది."

మా లాయరు గారి చేతిలో కాగితం చేతిలోనే ఉండిపోయింది. నేను అమ్మ వైపు వెళ్ళలేదు, ఆయన వైపూ వెళ్ళలేదు. ఉన్నచోటే గోడకి ఆనుకున్నాను. సంతోషమేసింది. అలా సంతోషపడ్డందుకు నా మీద నాకే అసహ్యమేసింది. ఆ రెండూ ఇంకా ఉన్నాయి.

మేజిస్ట్రేటు ఆయన్ని మళ్ళీ అడిగాడు. "ఒప్పుకుంటున్నావా?"

ఆయన అమ్మని చూశాడు. అమ్మ రెండు చేతులూ జోడించింది, మేజిస్ట్రేటుకి కాదు, ఆయనకి.

"లేదండి" అన్నాడు.

వాయిదా వేశారు. అమ్మ చెప్పిందంతా పోలీసులు వాంగ్మూలం రాసుకోవాలన్నారు. బయటికొచ్చాక లాయరు గారు అమ్మతో, "పెద్దమ్మా, మీ మీద కూడా కేసు పెట్టొచ్చు, తెలుసా?" అన్నారు. "పెట్టుకోనీయండి" అంది అమ్మ. ఆయన బయటపడే దారి ఇంకా దూరమే, కానీ దారంటూ ఉందని అన్నారు లాయరు గారు.

మెట్ల దగ్గర అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆ రోజు తొక్కకుండా ఉండాల్సింది బాబూ. పోయేదాన్నే పోనివ్వాల్సింది."

"అట్టా అనకండి అత్తయ్యా" అన్నాడు ఆయన. ఇన్ని నెలల్లో ఆయన గొంతు అంత స్పష్టంగా వినడం ఇదే. "ఎదురుగా మనిషుంటే తొక్కకుండా ఎట్టా ఉంటానండీ? మళ్ళీ అదే జరిగినా తొక్కుతా."

తల తిప్పితే పక్క మెట్టు మీద తిరుపతమ్మ ఉంది. లోపల అమ్మ చెప్పిందీ విన్నది, ఇదీ విన్నది. మళ్ళీ అదే జరిగితే మళ్ళీ ఎవరు పోతారో ఆవిడకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయనకి అప్పుడు తట్టింది. ఏదో అనబోయాడు.

తిరుపతమ్మ వద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపింది. అమ్మని పైనుంచి కిందికి చూసింది, చాలాసేపు. "ఎందుకు జారిందో ఇప్పుడు తెలిసింది" అంది. కొంగు దులుపుకుని బస్టాండు వైపు నడిచింది.

మేమూ వెనకాలే నడిచాం. బస్టాండులో మా పుట్టింటి ఊరి బస్సు ఆగి ఉంది. తిరుపతమ్మ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. సీట్లు చాలానే ఖాళీగా ఉన్నాయి. కండక్టరు మమ్మల్ని ఎరిగున్నవాడే, "రండి పిన్నిగారూ, బయల్దేరతన్నాం" అని అమ్మని పిలిచాడు.

అమ్మ కదల్లేదు. ఆయనా కదల్లేదు. బస్సు వెళ్ళిపోయింది. ఆ తర్వాతి బస్సు దాకా ముగ్గురం నిలబడే ఉన్నాం.